రెండో సంతకం

నా పొట్ట మీద వేలి కణుపుతో తట్టి, తల వంచి విన్న మగవాడు ఈ భూప్రపంచంలో ఒక్కడే. ఆయన పోయి ఐదు నెలలయింది. మొన్న గోవింద్‌పూర్ బజారులో పుచ్చకాయల బండివాడు ఒక్కో కాయనూ తట్టి చూసి పక్కన పెడుతుంటే, నా చెయ్యి దానంతటదే నా పొట్ట మీదికి పోయింది. బండివాడు చూసి, ఆకలేస్తోందా బాబూజీ అని హిందీలో అడిగాడు. ఆకలి కాదు నాయనా, జ్ఞాపకం అని చెప్పడానికి నాకు భాష చాల్లేదు. నలభై ఏళ్లు ఈ టాటానగర్లో బతికి నేర్చుకున్న హిందీ బేరాలకి సరిపోతుంది గానీ మనసులో మాటకి సరిపోదు. మాట రాక ఓ కాయ కొనుక్కుని వచ్చేశాను. చప్పగా ఉంది. ఆయనుంటే కొననిచ్చేవాడు కాదు.

ఆయన దేన్నయినా తట్టనిదే నమ్మేవాడు కాదు. కుడిచేతి నడిమివేలు మడిచి, కణుపుతో రెండుసార్లు, ఆగి మరోసారి. పెళ్లిలో వంటవాళ్లు గిన్నెలు దింపుతుంటే ఒక్కోటీ తట్టి, "దీని అడుగు పలసబడిపోయింది, ఇందులో పులుసు కాయకండి" అని చెప్పేవాడు. బొప్పాయిని తట్టేవాడు. అద్దె ఇల్లు చూడబోతే గోడని తట్టేవాడు. బాగ్‌బేరాలో ఆయన ఇంటి వెనకే రైల్వే యార్డు. గూడ్సు పెట్టెలు తగిలించేటప్పుడల్లా వంటింట్లో స్టీలు గ్లాసులు కదిలేవి. ఇంకొకరైతే వాటిని పట్టుకుని ఆపుతారు. ఆయన అవి ఎలా మోగుతున్నాయో వినేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఓ పసుపు సుద్దముక్క ఉండేది. ఎంత ఉతికినా జేబు మూల పసుపు పోదని వదిన గొణిగేది. కొత్త చొక్కా కొంటే ముందు జేబులో సుద్ద వేసి, తర్వాత తొడుక్కునేవాడు.

వదిన అంటే ఆయన భార్య. మాకు చుట్టరికమేమీ లేదు. ఆయనది ఆమదాలవలస వైపు, నాది టెక్కలి వైపు. ఈ ఊళ్లో అన్నదమ్ములైపోవడానికి ఆ మాత్రం చాలు. ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. నేను ఆయన్ని ఎదురుగా అన్నియ్యా అనేవాణ్ని. వెనక అనేవి వేరే ఉండేవి, అవి ఇప్పుడెందుకు.

మా పనేమిటో చెబితే ఎవరికీ తెలిసేది కాదు. మా అత్తగారు పోయేదాకా నన్ను కుళాయిలు బాగుచేసేవాడనే అనుకుంది. మేము ఓ కాంట్రాక్టరు కింద కంపెనీల్లో పైపుల మందం కొలిచేవాళ్లం. ఆవిరి పోయే పైపు, గ్యాసు పోయే పైపు లోపల్నుంచి అరిగిపోతాయి. పైకి ఏమీ తెలియదు. పైన రంగు గీకి, జెల్లీ రాసి, తీగ తగిలించిన చిన్న బిళ్ల ఆనిస్తే, ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో మీటరు చెబుతుంది. ఆ అంకె పైపు మీద సుద్దతో రాయాలి, కాయితం మీద పెన్నుతో రాయాలి. కొలిచినవాడిది ఒక సంతకం. పక్కనుండి చూసినవాడిది రెండో సంతకం. ఆయన నిచ్చెనెక్కి కొలిచేవాడు. నేను కింద నిలబడి, ఆయన పైనుంచి చెప్పింది రాసి, కళ్లారా చూశానని రెండో సంతకం పెట్టేవాణ్ని. చూసింది ఏనాడూ లేదు. నాకు నిచ్చెనంటే భయం. కాయితాల మీద మాత్రం ముప్పై ఏళ్లు నిచ్చెనలెక్కాను.

ఓసారి షట్‌డౌన్ ఆఖరి రోజు. అంటే బట్టీలు ఆపి మరమ్మతులు చేసే రోజుల్లో చివరిది. అందరి కళ్లూ గడియారం మీదే ఉన్నాయి. ఓ పైపు వంపు దగ్గర ఆయన పైనుంచి నాలుగు అన్నాడు. నాలుగంటే ఆ ముక్క కోసేసి కొత్తది వెయ్యాలి, ఇంకో రోజు పని. మా ఆవిడ ఆ పూట చేపల పులుసు పెట్టింది. నేను ఆరు అని రాసి సంతకం పెట్టేశాను. ఆయన దిగొచ్చి కాయితం చూశాడు. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని నిచ్చెన దాకా తీసికెళ్లాడు.

"ఎక్కు తమ్ముడూ."

"నాకు కళ్లు తిరుగుతాయి అన్నియ్యా."

"తిరగనీ. ఎక్కి సూడు. మీటరికి మొగమాటం నేదు. నీకే ఉంది."

ఎక్కాను. మెట్టు మెట్టుకీ దేవుళ్లందర్నీ తలుచుకున్నాను. ఆయన కింద నిచ్చెన పట్టుకుని, "పట్టుకున్నాన్లే, నువ్వు పైకి సూడు" అంటూనే ఉన్నాడు. మీటరు మీద నాలుగే ఉంది. దిగి, ఆరుని కొట్టేసి నాలుగు రాశాను. చేపల పులుసు మర్నాడు తిన్నాను. చేపల పులుసు మర్నాడే రుచి కాబట్టి నాకు నష్టమేమీ రాలేదు.

రిటైరయ్యాక ఇద్దరికీ గుండె జబ్బు వచ్చింది. నాకు ముందు వచ్చింది. జన్మలో ఈ ఒక్క విషయంలో ఆయన కంటే ముందున్నాను. నాకు రెండు స్టెంట్లు, ఆయనకి ఒకటే. ఆ సంగతి పదిమందిలో ఎన్నిసార్లు చెప్పుకున్నానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడేళ్ల కిందట ఆయన గుండెకి ఎకో తీశారు. తీసిన అమ్మాయి గుండె చూడడం అయిపోయాక, చేతిలో బిళ్లని ఇంకాస్త కిందికి జరిపి పొట్ట మీద పెట్టిందట. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం పొట్ట దగ్గర ఒక్కోసారి ఉబ్బుతుంది. గుండె జబ్బున్న పెద్దవాళ్లలో, అందులో పొగతాగిన మగవాళ్లలో అది ఎక్కువ. నొప్పీ గిప్పీ ఏమీ ఉండదు, లోలోపలే పెరుగుతుంది. పగిలిందంటే మాత్రం ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోవచ్చు. ముందే తెలిస్తే కనిపెట్టుకుని ఉండొచ్చు, బాగా పెరిగితే ఆపరేషన్ చెయ్యొచ్చు. ఇదంతా ఆ అమ్మాయి చెప్పింది. ఆయనకి ఉబ్బింది. మూడు పాయింటు ఏడు సెంటీమీటర్లు.

ఇంకొకడైతే దిగులుపడి మంచమెక్కేవాడు. ఆయన ఆసుపత్రి నుంచి తిన్నగా ఆటో కట్టించుకుని గోవింద్‌పూర్‌లో మా ఇంటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మన పనే తమ్ముడూ. అదే జెల్లీ, అదే బిళ్ల. ఆ గుంట ఎంత సక్కగా కొలిసిందనుకున్నావు. ఒకపాలి కొలిసి, నమ్మకం సాలక మళ్లీ కొలిసింది. మన సెక్షన్లో ఉండాల్సిన పిల్ల."

"బాదగా నేదేటి అన్నియ్యా?"

"బాదేటి? పైపు ఉబ్బింది. ఉబ్బిందని తెలిసింది. ఇంక దాని మీద కన్నేసి ఉంటాం. మనకి తెలీని పైపుతోనే కదా బయం." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నీకు గుండె జబ్బుందా?"

"ఉంది."

"అరవై ఐదు దాటిందా?"

"దాటింది."

"బీడీలు కాల్చినావా?"

"సిగరెట్లు," అన్నాను, నా హోదా కాపాడుకుంటూ.

"అయితే పొట్ట సూపించుకో."

అని, నడిమివేలు మడిచి నా పొట్ట మీద తట్టాడు. రెండుసార్లు, ఆగి మరోసారి. తల వంచి విన్నాడు. "దీని మీద రంగు బాగా మందంగా ఉంది. తడితే తెలీదు" అన్నాడు. మా ఆవిడ వంటింట్లో నవ్వడం నాకు వినబడింది.

అప్పట్నుంచి ఆయనకి అదే పని. పెళ్లిళ్లలో, పన్నెండో రోజు భోజనాల్లో, టాటానగర్ స్టేషన్లో బండి కోసం నిలబడ్డ చోట, తెల్లజుట్టు కనబడితే చాలు ఆ మూడు ప్రశ్నలూ వేసేవాడు. మూడింటికీ అవునంటే, "డాక్టర్నడుగు, పొట్ట సూపించుకో" అనేవాడు. చావుభోజనం దగ్గర ఇవేం ప్రశ్నలయ్యా అని ఒకాయన విస్తరి ముందునుంచి లేచిపోయాడు. ఆయన ఆ ఖాళీ అయిన చోటికి జరిగి, అవతలి మనిషిని అడిగాడు. నవ్వినవాళ్లు నవ్వారు, వెళ్లి చూపించుకున్నవాళ్లు చూపించుకున్నారు. నేను వెళ్లలేదు. అందరికంటే దగ్గరివాణ్ని నేను. దగ్గరివాళ్లు ఎవరి మాట విన్నారు గనక.

నిజం చెప్పాలంటే నాకు స్కానంటే భయం లేదు, అంకెంటే భయం. అంకె రానంతసేపూ నేను నిక్షేపంగా ఉన్న మనిషిని. ఈ సంగతి పైకి చెప్పలేక రెండేళ్లు రకరకాల సాకులు చెప్పాను. ఎండలన్నాను, వానలన్నాను. ఓసారి మరీ ఏమీ దొరక్క, ఎన్నికలన్నాను. ఆయన ఎన్నికలకీ నీ పొట్టకీ ఏటి సమ్మందం అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఎదురుచూశాడు.

ఆఖరికి పోయినేడు ఎండలు ముదరకముందు ఓ పొద్దున్న బయల్దేరాను. బయల్దేరే ముందు ఎనిమిది ఇడ్లీలు తిన్నాను. ఆపైన రెండు సీసాల నీళ్లు తాగాను. ఎందుకంటే పైపు లైనుకి లీకు టెస్టు పెట్టాలంటే ముందు దాన్ని నీళ్లతో నిండుగా నింపాలి. ముప్పై ఏళ్ల అనుభవం నాది. సగం నింపిన లైనుకి టెస్టు పెట్టేవాళ్లని చూసి నవ్వినవాణ్ని, నేనే ఖాళీగా వెళ్తానా? తిని వెళ్లొచ్చో లేదో ఓసారి ఫోన్ చేసి కనుక్కోండి అని మా ఆవిడ అంది. పైపుల సంగతి నాకు చెబుతున్నావా అన్నాను.

స్కాన్ అమ్మాయి జెల్లీ రాసి, బిళ్లని అటు తిప్పి ఇటు తిప్పి, నొక్కి, ఆఖరికి చెయ్యి తీసేసింది.

"అంకుల్, క్యా ఖాకే ఆయే హై?" అంది. ఏం తిని వచ్చారని.

ఇడ్లీల లెక్క చెప్పాను. లోపలంతా గ్యాసే కనబడుతోందనీ, ఆరేడు గంటలు ఏమీ తినకుండా ఇంకో రోజు రమ్మనీ చెప్పింది. నేను లైను నింపుకొచ్చిన సంగతి నా హిందీలో వివరించాను. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, బయట కూర్చున్న మా ఆవిణ్ని లోపలికి పిలిచి, ఈయనకి మతి సరిగ్గానే ఉంటుందా అని అడిగింది.

అన్నయ్యకి చెబితే మంచం మీద పడి నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "లైను నింపుకోని ఎల్లినావేట్రా" అని, వదినని పిలిచి నాచేత మళ్లీ చెప్పించాడు. వదిన కూడా నవ్వింది. అంతా అయ్యాక జేబులోంచి సుద్ద తీసి, పడకగది తలుపు వెనక్కి తీసికెళ్లాడు. అక్కడ ఆయన పొట్ట చరిత్రంతా పసుపు సుద్దతో ఉంది. మూడు ఏడు, మూడు తొమ్మిది, నాలుగు. ఒక్కో అంకె పక్కన తేదీ, ఆయన సంతకం, దాని కింద రెండో సంతకం. ఆ రెండోది వదినది. వదిన ఒడిషా సరిహద్దు బడిలో చదువుకుంది, సంతకం గుండ్రంగా ఒడియాలో పెడుతుంది. ఆయన ఆ పక్కన ఓ నిలువుగీత గీసి, నా పేరు రాసి, అంకె చోటు ఖాళీగా వదిలాడు.

"ఎప్పుడెల్తావు?"

"వచ్చే వారం ఎల్తాను అన్నియ్యా."

వచ్చే వారం తేదీ వేశాడు. ఆ వారం ఏడు నెలలైనా రాలేదు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి అడిగేవాడు. వచ్చే వారం అనేవాణ్ని. సరే అని పెట్టేసేవాడు. కోప్పడితే తిరిగి ఏదో అనేవాణ్ని. ఆయన కోప్పడకపోవడమే నాకు ఇబ్బందిగా ఉండేది.

దసరా వెళ్లిన వారం ఆయన పోయాడు. పొద్దున్న కుర్చీలో కూర్చుని టీ తాగుతూనే. పొట్టలో పైపు పగల్లేదు, గుండె ఆగింది. కబురు తెలిసి వెళ్లి, నిజంగానే ఏడ్చాను. ఏడుస్తూనే లోపల ఓ లెక్క వేసుకున్నాను. మూడేళ్లు కాపలా కాసిన పైపు ఆయన్నేమీ చెయ్యలేదు, కాబట్టి ఇక నేను వెళ్లక్కర్లేదు. అప్పటికింకా ఆయన్ని ఇంట్లోంచి బయటికి తియ్యనేలేదు. అలాంటి బుద్ధి నాది.

పన్నెండో రోజు భోజనాలయ్యాయి. జనం పలచబడ్డాక నేను గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటుంటే వదిన పిలిచింది.

"మరిదీ, ఒకపాలి ఇలగ రా."

పడకగదిలోకి వెళ్లాను. ఇల్లంతా కడిగినట్టున్నారు, నేల ఇంకా తడిగా ఉంది. వదిన తలుపు దగ్గరికి వేసి వెనక వైపు చూపించింది. చేతిలో తడిగుడ్డ ఉంది.

ఆయన గీతలో అంకెలు అలాగే ఉన్నాయి. నా గీతలో అంకె చోటు ఖాళీ. కానీ పక్కన తేదీ ఒకటి కాదు. ఒకటి కొట్టేసి దాని కింద ఇంకొకటి, అదీ కొట్టేసి ఇంకొకటి, తలుపు అడుగుదాకా దిగిపోయాయి. నేను ఫోనులో వచ్చే వారం అన్నప్పుడల్లా ఆయన లేచి వెళ్లి రాసుకున్నాడు. చివరివి రాయడానికి నేల మీద కూర్చుని ఉంటాడు. ఆఖరి తేదీ మటుకు కొట్టెయ్యలేదు. అది ఆయన పోయిన మర్నాటిది.

"ఆయినిది అయిపోయింది," అంది వదిన. "నీది ఇలగుండిపోయింది. ఏటి సెయ్యమంటావు? తుడిసీమంటే తుడిసేత్తాను."

ఆవిడ నన్ను దెప్పడం లేదు. నిజంగానే అడుగుతోంది. ఊ అంటే తుడిచేసేది, నాకూ పీడ విరగడయ్యేది. నేను ఆ ఆఖరి తేదీ వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఉంచు వదినా," అన్నాను.

అది జరిగిన నాలుగోనాడు కటిక ఉపవాసంతో వెళ్లాను. మా ఆవిడ వస్తానంది, వద్దన్నాను. స్కాన్ అమ్మాయి నన్ను గుర్తుపట్టి, ఇవాళేం తిన్నారని నవ్వుతూ అడిగింది. మంచినీళ్లతో మాత్రలు తప్ప ఏమీ లేదన్నాను. చల్లటి జెల్లీ, బిళ్ల. ఒకసారి కొలిచింది, మళ్లీ కొలిచింది. ఈసారి నవ్వలేదు. నాలుగు పాయింటు మూడు.

డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు. బీపీ మాత్రలు తప్పకూడదు. చెప్పిన తేదీకి మళ్లీ కొలిపించుకోవాలి. కడుపులో గానీ నడుములో గానీ ఉన్నట్టుండి పెద్దనొప్పి వస్తే క్షణం ఆలస్యం చెయ్యకూడదు. అన్నిటికీ తలాడించాను. బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను. మా ఆవిడ ఫోన్ చేసింది. "మూడు పాయింటు మూడు. అదేం పెద్దది కాదట," అని చెప్పి, టిఫిన్ ఏం చేశావని అడిగాను.

అక్కణ్నుంచి ఆటోలో బాగ్‌బేరా వెళ్లాను. రిపోర్టు ప్లాస్టిక్ సంచిలో పెట్టి చంకలో నొక్కుకున్నాను. వదిన ఏమీ అడక్కుండా స్టీలు డబ్బా తెచ్చింది. అందులో ఆయన జేబులో మిగిలిన సుద్ద ఉంది, బొటనవేలు గోరంత. తలుపు వెనక్కి వెళ్లి, ఖాళీగా ఉన్న చోట మూడు పాయింటు మూడు అని రాశాను. తేదీ వేశాను. సంతకం పెట్టాను. రాత చక్కగా కుదిరింది. అలవాటైన పని కదా.

"రెండో సంతకం పెట్టు వదినా," అన్నాను.

వదిన లోపలికెళ్లి కళ్లజోడు తెచ్చుకుంది.

"కాయితమేదీ?"

"ఇంటికాడ ఉండిపోయింది."

"సంకలో ఉన్నదేటి మరి?"

ఇచ్చాను. ఆవిడ వెలుతురు వైపు తిరిగి, అంకెలు దొరికేదాకా వేలు ఆనించుకుంటూ చదివింది. తర్వాత తలుపు చూసింది. మళ్లీ కాయితం చూసింది.

"ఇక్కడ నాలుగుంది మరిదీ."

నేను సుద్దని డబ్బాలో పెట్టేశాను.

"ఆయిన ముందే సెప్పారు," అంది వదిన, కళ్లజోడు సర్దుకుంటూ. "తమ్ముడు ఎల్తాడే, ఎప్పుడైనా తప్పకుండా ఎల్తాడు. అంకె మట్టుకు తగ్గించి రాత్తాడు. కాయితం సూడకుండా నువ్వు సంతకం పెట్టకు, అన్నారు."

అన్ని వారాలు తేదీలు కొట్టేసుకుంటూ కూడా నేను వెళ్తాననే అనుకున్నాడు ఆ మనిషి. నా భయం ఏ అంకె దగ్గర ఎంత తగ్గిస్తుందో కూడా కొలిచి పెట్టుకున్నాడు. పోయిన రోజు కంటే ఆ తలుపు వెనక ఎక్కువ ఏడుపొచ్చింది నాకు. వదిన నా ఏడుపు అయ్యేదాకా ఆగి, నేను రాసిన అంకెని పైటచెంగుతో తుడిచేసి, సుద్ద మళ్లీ నా చేతిలో పెట్టింది.

"రాయి. ఇక్కడ నిచ్చెన కూడా నేదు."

నాలుగు పాయింటు మూడు అని రాశాను. ఈసారి రాత వంకరపోయింది. వదిన ఆ అంకెనీ కాయితాన్నీ మరోసారి పక్కపక్కన చూసుకుని, నా సంతకం కింద తన పేరు నెమ్మదిగా, గుండ్రంగా ఒడియాలో రాసింది. యార్డులో గూడ్సు పెట్టెలు తగిలాయి, వంటింట్లో గ్లాసులు మోగాయి. ఆవిడ సుద్దని డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ఇంటికాడ ఏ అంకె సెప్పినావు?"

"మూడు," అన్నాను.

నేను ఫోను తీసి నంబరు నొక్కాను. మా ఆవిడ ఎత్తి, నేను అంకె సరిగ్గా చెప్పేదాకా, వదిన పక్కనే నిలబడి చూసింది.